చూపునిచ్చే పూత

గ్రాఫీన్ అనే కార్బన్ పొర మీంచి కరెంటు చకచకా పారుతుంది. కానీ ఏది రోగం, ఏది కాదన్న తెలివి దానికి లేదు. ఆ తెలివి దాని మీద వేసే రసాయనాల పూత నుంచి రావాలి. బరంపురం ఆసుపత్రికి వచ్చే సికిల్‌సెల్ బాధితులకు ఈ పూతతో పనేమిటి?

బరంపురంలో 1962లో మొదలైన ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రి దక్షిణ ఒడిశాకు పెద్ద దిక్కు. గంజాం పల్లెల వాళ్లే కాదు, గజపతి, కంధమాల్, రాయగడ కొండల్లోని సవర, ఖోండు కుటుంబాలూ, ఇచ్ఛాపురం వైపు తెలుగువాళ్లూ అక్కడికే వస్తారు. ఆ కొండ ప్రాంతాలను పట్టి పీడించే జబ్బుల్లో సికిల్‌సెల్ రక్తహీనత ఒకటి. హిమోగ్లోబిన్ జన్యువులో ఒకే ఒక్క అక్షరం, ‘ఏ’ ఉండాల్సిన చోట ‘టి’ పడటమే దీనికి మూలం. ఆక్సిజన్ తగ్గినప్పుడు ఎర్రకణాలు కొడవళ్లలా వంగి, సన్నని నాళాల్లో ఇరుక్కుంటాయి. ఎముకలు పిండేసినట్టు నొప్పి.

తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే, అంటే ఇద్దరికీ జన్యువు ఒక ప్రతిలో ఈ మార్పు ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగో వంతు. కనుక వాహకులెవరో ముందే తెలియాలి. 2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్‌సెల్ నిర్మూలన మిషన్ 40 ఏళ్ల లోపువారిలో 7 కోట్లమందిని పరీక్షించాలని లక్ష్యం పెట్టుకుంది. ఊళ్లో తేలిగ్గా చేసే సాల్యుబిలిటీ పరీక్ష లోపభూయిష్టమైన హిమోగ్లోబిన్ ఉందని మాత్రమే చెబుతుంది. ఆ మనిషి రోగియా, వాహకుడా అన్నది తేల్చాలంటే ఎలెక్ట్రోఫోరెసిస్, హెచ్‌పీఎల్‌సీ లాంటి పరీక్షలు కావాలి.

పొర మీద పొర

ఈ తేడాను చిన్న చిప్పు మీదే పట్టొచ్చన్న ఆశ గ్రాఫీన్‌ది. అది ఒకే పరమాణువు మందమున్న కార్బన్ పొర. 2004లో మాంచెస్టర్‌లో గైమ్, నోవోసెలోవ్‌లు గ్రాఫైట్ నుంచి టేపుతో దాన్ని ఒలిచారు. 2010లో నోబెల్ అందుకున్నారు. అలాంటి చిప్పులోని ట్రాన్సిస్టర్‌లో రెండు ఎలక్ట్రోడ్ల మధ్య ఈ పొరను పరుస్తారు. పరమాణువులన్నీ పైకే ఉంటాయి కాబట్టి, విద్యుదావేశమున్న ఏ అణువు దగ్గరికొచ్చినా కరెంటులో తేడా వస్తుంది. చిక్కూ అదే. రక్తంలోని ఆల్బుమిన్ తగిలినా, వెతుకుతున్న డీఎన్‌ఏ తగిలినా కరెంటు కదులుతుంది.

అలాగని గ్రాఫీన్‌కు గట్టి రసాయన బంధం వేస్తే కార్బన్ అల్లిక చెడి కరెంటు మందగిస్తుంది. ఈ ఇబ్బందిని పైరీన్ తీర్చింది. నాలుగు బెంజీన్ వలయాలు కలిసిన ఈ చదునైన అణువు గోడ మీద బల్లిలా గ్రాఫీన్‌ను కరుచుకుంటుంది, అల్లికను మాత్రం చెడగొట్టదు. దానికి తగిలించిన తోక చివర యాంటీబాడీనో మరో ప్రొటీన్‌నో కడతారు. ఇంకేదీ అంటుకోకుండా మిగిలిన కొసలను ఇథనోలమైన్‌తో మూసేస్తారు.

2020లో దక్షిణ కొరియా శాస్త్రవేత్తలు ఇలాగే యాంటీబాడీలు కట్టి కరోనా వైరస్‌ను పట్టుకున్నారు. కాలిఫోర్నియాలో కియానా అరాన్ బృందం జన్యు కత్తెర క్రిస్పర్‌కు చెందిన క్యాస్9 ప్రొటీన్‌ను గ్రాఫీన్ మీద నిలిపింది. 2021లో ప్రచురించిన పరిశోధనలో, పీసీఆర్‌తో డీఎన్‌ఏను పెంచకుండానే సికిల్‌సెల్ తెచ్చే ఆ ఒక్క అక్షరపు మార్పును కనిపెట్టింది. మార్పు జన్యువు రెండు ప్రతుల్లోనూ ఉందా, ఒకదానిలోనేనా అన్నదీ విడదీసి చెప్పింది. రోగికీ వాహకుడికీ తేడా అక్కడే ఉంది.

ఉప్పు అడ్డం

ఇంత చేసినా రక్తంలోని ఉప్పు అడ్డుపడుతుంది. ఉప్పు అయాన్లు ప్రతి ఆవేశం చుట్టూ మూగి దాన్ని కప్పేస్తాయి. ఆ ఉప్పుదనంలో గ్రాఫీన్‌కు ఒక నానోమీటరు లోపు సంగతులే తెలుస్తాయి. యాంటీబాడీ పొడవేమో దాదాపు 10 నానోమీటర్లు. దాని కొసకు చిక్కిన ప్రొటీన్ జాడ కిందికి అందదు. అందుకని నమూనాను పలచన చేస్తారు, యాంటీబాడీలకు బదులు ఆప్టామర్లనే పొట్టి డీఎన్‌ఏ ముక్కలు వాడతారు. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2020లో గ్రాఫీన్‌నే ముడతలు పెట్టి ఆ పరిధిని పెంచారు. ఇది కాక, పూతలోని ప్రొటీన్లు వేడికి పాడవుతాయి. చిప్పుకూ చిప్పుకూ కొలత మారడం ఇంకో తలనొప్పి.

బరంపురానికి ఒక అనుకూలత ఉంది. రోగులు ఎం.కె.సి.జి.కి వస్తారు; 2016లో ఇక్కడే ఏర్పడిన ఐసర్ (భారతీయ విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ)లో భౌతిక, రసాయన, జీవ శాస్త్రాలు మూడూ ఒకే ఆవరణలో ఉన్నాయి. ఇలాంటి చిప్పు ఎవరు తెచ్చినా, అదెంత తక్కువ డీఎన్‌ఏని పసిగట్టిందన్న రికార్డు చూసి మురిసిపోనక్కర్లేదు. పలచన చేయని రక్తంలో పనిచేస్తుందా? ఫ్రిజ్ లేని కొండ ఉపకేంద్రంలో పూత ఎన్ని వారాలు నిలుస్తుంది? అదే మనిషి రక్తం మీద హెచ్‌పీఎల్‌సీ చెప్పినదే ఇదీ చెబుతోందా? కొనేముందు ప్రభుత్వం అడగాల్సినవి ఈ మూడు ప్రశ్నలే.