ఆ గిటారు వాయించిందెవరు?

1963లో ఇంగ్లండ్ దక్షిణ తీరాన బెక్స్‌హిల్ అనే ఊరి నుంచి ఓ పత్రిక వెలువడింది. పేరు ‘బ్లూస్ అన్‌లిమిటెడ్’. నడిపింది మైక్ లెడ్‌బిటర్, సైమన్ నేపియర్ అనే ఇద్దరు యువకులు. టైపు కొట్టి సైక్లోస్టైల్ తీసిన కాగితాలు. వాటి నిండా అట్లాంటిక్ అవతల అమెరికా దక్షిణాది పల్లెల్లోనూ, షికాగో పేటల్లోనూ పాడుకునే నల్లజాతి గాయకుల కబుర్లే. వాళ్లలో చాలామందిని ఈ కుర్రాళ్లు కంటితో చూసింది లేదు. బ్లూస్ పుట్టిన అమెరికాలోనే అప్పటికి దానికంటూ ఇలాంటి పత్రిక లేదు.

బ్లూస్ తెలియనివారికి రెండు ముక్కలు చెబుతాను. బానిసత్వం పోయినా మిసిసిపీ డెల్టా పత్తి చేలల్లో పాలు కౌలుకు చేస్తూ, అప్పుల్లోంచి బయటపడలేకపోయిన నల్లవాళ్ల పాట అది. ఒక పాదం పాడి, అదే మళ్లీ పాడి, మూడో పాదంతో దానికి జవాబు చెప్పడం మామూలు పద్ధతి. తోడు ఒక గిటారో, మౌతార్గానో. సోల్ ఆ తర్వాతి తరానిది. చర్చిలో దేవుణ్ణి పిలిచే గొంతుతో మనిషి మీది ప్రేమను పాడటం. అరీతా ఫ్రాంక్లిన్ డెట్రాయిట్‌లో తండ్రి పాస్టరుగా ఉన్న చర్చిలో పాడుతూ పెరిగింది. ఆవిడ పాట ఒక్కటి వింటే నా వివరణ అక్కర్లేదు.

నేను ఆకాశవాణిలో రికార్డుల లైబ్రరీ చూసుకుని రిటైరైనదాన్ని. మా అమ్మాయి షికాగో దగ్గర ఉంటుంది. అక్కడికి వెళ్లినప్పుడు ఓ పాత రికార్డుల దుకాణంలో ‘లివింగ్ బ్లూస్’ అనే అమెరికా పత్రిక పాత సంచికలు, వాటి మధ్య కొన్ని ‘బ్లూస్ అన్‌లిమిటెడ్’ ప్రతులు దొరికాయి. పాటల కంటే ముందు నన్ను పట్టుకున్నవి ఆ పేజీల్లోని సన్న అక్షరాల జాబితాలు. ఏ తేదీన, ఏ ఊళ్లో రికార్డు చేశారు, పియానో ఎవరు, డ్రమ్స్ ఎవరు, లేబుల్ పక్కన పాట గాడి లేని నల్లటి అంచులో చెక్కిన మ్యాట్రిక్స్ నంబరెంత, అన్నీ ఉన్నాయి. మా లైబ్రరీ కార్డు మీద సినిమా, పాడినవారు, రాసినవారు, సంగీత దర్శకుడు ఉండేవారు. ఫలానా పాటలో వేణువు ఎవరిదండీ అని శ్రోత ఉత్తరం రాస్తే కార్డు తిరగేసి చూసినా లాభం ఉండేది కాదు. మద్రాసులో వి.ఎ.కె. రంగారావు గారి లాంటి వారు ఒంటిచేత్తో గ్రామఫోన్ రికార్డులు పోగుచేసి, వాటి కథలు రాశారు. అదే పనిని ఉత్తరాలతో, చందాలతో ఒక గుంపు కలిసి చేస్తే ఎలా ఉంటుందో ఈ పత్రికల్లో చూశాను.

జాబితాల పిచ్చి ఊరికే పుట్టలేదు. చిన్న కంపెనీలు గాయకుడి చేతిలో పాటకింత అని పెట్టి పంపేసేవి. పక్కన వాయించినవాళ్ల పేర్లు లేబుల్ మీద వేసే అలవాటే లేదు. కాంట్రాక్టు ఒక కంపెనీతో ఉండగా ఇంకో కంపెనీకి పాడాలంటే పేరు మార్చుకోవడమే దారి. జాన్ లీ హూకర్ అలా టెక్సస్ స్లిమ్ అయ్యాడు, డెల్టా జాన్ అయ్యాడు, బర్మింగ్‌హామ్ శామ్ అయ్యాడు, ఒక చోట ఒక్క అక్షరం మార్చి జాన్ లీ బూకర్ కూడా అయ్యాడు. సన్నీ బాయ్ విలియమ్సన్ సంగతి దీనికి తిరగబడ్డ కేసు. ఆ పేరుతో పాడినవాళ్లు ఇద్దరు. మొదటివాడు 1948లో షికాగోలో హత్యకు గురయ్యాడు. రెండోవాణ్ణి రైస్ మిల్లర్ అనేవారు. మొదటివాడు బతికుండగానే ఆ పేరు పెట్టుకుని అర్కన్సా రేడియోలో వాయించాడు. ఏ రికార్డు ఎవరిదో చెవితో పోల్చి, నంబర్లతో సరిచూసి తేల్చింది అభిమానులే.

ఆ శ్రమ పుస్తకాలుగా కూడా వచ్చింది. 1964లో జాన్ గాడ్రిచ్, రాబర్ట్ డిక్సన్ కలిసి 1942 వరకు వచ్చిన బ్లూస్, గోస్పెల్ (చర్చి పాటల) రికార్డుల పట్టిక వేశారు. ఈ డిక్సనే ఆస్ట్రేలియా ఆదివాసీల భాషల మీద పనిచేసి పేరు తెచ్చుకున్న భాషా శాస్త్రవేత్త. రాత లేని భాషకు వ్యాకరణం రాసే మనిషి, రికార్డు కంపెనీలు పట్టించుకోని పాటలకు పట్టిక వేశాడంటే నాకు వింతగా అనిపించలేదు. 1943 తర్వాతి రికార్డుల సంగతి లెడ్‌బిటర్, నీల్ స్లేవెన్ 1968లో తేల్చారు. లెడ్‌బిటర్ 32 ఏళ్లకే 1974లో చనిపోయాడు. పత్రిక మాత్రం 1987 దాకా నడిచింది.

రికార్డే ఆధారంగా మనుషుల్ని వెతికినవాళ్లూ ఉన్నారు. బుక్కా వైట్ పాత పాటల్లో మిసిసిపీలోని ఆబర్డీన్ ఊరి ప్రస్తావన ఉంది. 1963లో జాన్ ఫేహీ, ఎడ్ డెన్సన్ అనే ఇద్దరు కుర్రాళ్లు ‘బుక్కా వైట్, పాత బ్లూస్ గాయకుడు’ అని రాసి ఆ ఊరి పోస్టాఫీసుకు ఉత్తరం వేశారు. ఆయన అప్పటికి మెంఫిస్‌లో ఉన్నాడు. బంధువొకరి ద్వారా ఆ ఉత్తరం ఆయనకు చేరింది. ఆయన మళ్లీ గిటారు పట్టుకుని వేదికలెక్కాడు.

‘లివింగ్ బ్లూస్’ 1970లో షికాగోలో మొదలైంది. జిమ్ ఓనీల్, ఏమీ వాన్ సింగెల్, బ్రూస్ ఇగ్లావర్, పాల్ గారన్ వంటి యువతీయువకుల గుంపు అది. మొదటి సంచిక ముఖచిత్రం షికాగో గాయకుడు హౌలిన్ వోల్ఫ్. ఇంగ్లండు వాళ్లకు లేని సౌకర్యం వీళ్లకుంది. గాయకులు అదే ఊళ్లో, బస్సెక్కితే చేరేంత దూరంలో ఉన్నారు. అందుకే ఈ పత్రికకు ప్రాణం పొడవాటి ఇంటర్వ్యూలు. పుట్టిన పొలం, పారిపోయిన రాత్రి, మొదటి గిటారు ఖరీదు, డబ్బు ఎగ్గొట్టిన క్లబ్బు యజమాని, అన్నీ గాయకుడి మాటల్లోనే. ఇగ్లావర్ అంతటితో ఆగలేదు. షికాగో సౌత్‌సైడ్‌లో ఫ్లోరెన్స్ లౌంజ్ అనే బారులో ఆదివారాలు వాయించే హౌండ్ డాగ్ టేలర్‌ను ఎవరూ ఎల్పీ చేయడం లేదని, తనకు వారసత్వంగా వచ్చిన 2,500 డాలర్లతో తానే 1971లో రికార్డు తీశాడు. అలిగేటర్ రికార్డ్స్ అలా పుట్టింది. 1983లో పత్రిక మిసిసిపీ విశ్వవిద్యాలయం చేతికి వెళ్లింది. అంటే పాట పుట్టిన రాష్ట్రానికే చేరింది.

సోల్ అభిమానుల పోకడ వేరు. వాళ్లకు చరిత్ర కంటే ముందు డ్యాన్సు కావాలి. జాన్ ఆబీ 1966లో ఇంగ్లండ్‌లో ఒక పత్రిక పెట్టి, మరుసటి ఏడాది దానికి ‘బ్లూస్ అండ్ సోల్’ అని పేరు మార్చాడు. అందులో కాలమ్ రాసిన డేవ్ గోడిన్‌కు లండన్‌లో ‘సోల్ సిటీ’ అనే రికార్డుల దుకాణం ఉండేది. ఇంగ్లండ్ ఉత్తరాది నుంచి ఫుట్‌బాల్ మ్యాచ్‌లకు వచ్చే కుర్రాళ్లు కొత్త హిట్లు వదిలేసి, కొన్నేళ్ల కిందటి వేగమైన డెట్రాయిట్ తరహా పాటలే అడుగుతున్నారని ఆయన గమనించాడు. వాళ్ల కోసం విడిగా పెట్టే సరుకుకు దుకాణంలో వాడిన ‘నార్తర్న్ సోల్’ అన్న పేరు 1970లో ఆయన కాలమ్ ద్వారా లోకానికి తెలిసింది. ఆ ఉత్తరాదిలోనే విగన్ క్యాసినో అనే క్లబ్బులో 1973 నుంచి 1981 దాకా తెల్లవార్లూ సాగిన నృత్యాలకు అదే పేరు.

ఆ క్లబ్బుల్లో డీజేలు ఒక ఎత్తు వేసేవారు. దొరకని రికార్డు దొరికితే లేబుల్ మీద కాగితం అంటించి వేరే గాయకుడి పేరు చెప్పేవారు. పోటీ డీజే కొనకుండా జాగ్రత్త అన్నమాట. ఫ్రాంక్ విల్సన్ 1965లో డెట్రాయిట్‌లోని మోటౌన్ రికార్డు కంపెనీకి పాడిన ఒక పాటను విగన్‌లో ఎడ్డీ ఫాస్టర్ పేరుతో వేశారు. ఆ రికార్డు విడుదల ఆగిపోయింది, ప్రతులు దాదాపు అన్నీ నాశనమయ్యాయి. మిగిలిన ఒక ప్రతి 2009లో 25,742 పౌండ్లకు అమ్ముడుపోయింది. డీజే దాచిన పేరును అభిమాని బయటపెట్టడం, దాన్ని పత్రిక అచ్చేయడం, ఇలా ఏళ్ల తరబడి దొంగా పోలీసాట నడిచింది.

వీళ్లందరూ మహానుభావులని నేననను. 1958లో షికాగో బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ ఇంగ్లండ్ వచ్చి ఎలక్ట్రిక్ గిటారు వాయిస్తే, ఇది అసలు బ్లూస్ కాదని ముఖం చిట్లించిన అభిమానులున్నారు. ఆయన పాట ఆయనకు నేర్పబోవడం! సంగీతం నల్లవాళ్లది, దాని మీద తీర్పులు ఎక్కువగా తెల్లవాళ్లవి. ఆ ఇబ్బంది ఎరిగిందే ‘లివింగ్ బ్లూస్’. నల్లజాతి కళాకారుల గురించే రాస్తామని గీత గీసుకుని, దాని మీద వచ్చిన తగాదాలన్నీ భరించింది. ఇక ‘78 క్వార్టర్లీ’ పత్రిక అరుదైన రికార్డుల వేటగాళ్లది. పేరుకు త్రైమాసికం. 1967లో మొదలై, రెండు సంచికల తర్వాత దాదాపు 20 ఏళ్లు నిద్రపోయింది. 2003కు లెక్కేస్తే మొత్తం 12 సంచికలు! చందాదారుల ఓపికకు దండం పెట్టాలి.

నాకు బాగా నచ్చిన అభిమాని పత్రికలవాడు కాదు, లాయరు. పేరు హోవెల్ బెగల్. 1950ల్లో అట్లాంటిక్ అనే రికార్డు కంపెనీని హిట్లతో నిలబెట్టిన గాయని రూత్ బ్రౌన్‌తో సంతకం పెట్టించుకుందామని పాత రికార్డులు పట్టుకెళ్లాడు. మాటల్లో ఆవిడకు ఏళ్లుగా రాయల్టీ రావడం లేదని తెలిసింది. కేసు భుజాన వేసుకుని సంవత్సరాల తరబడి వెంటపడ్డాడు. 1988లో కంపెనీ పాత కళాకారుల లెక్కలు తిరిగి చూడటానికి ఒప్పుకుంది. రిథమ్ అండ్ బ్లూస్ ఫౌండేషన్ ఏర్పాటుకు సొమ్ము కూడా ఇచ్చింది.

పాట నచ్చినవాడు సాధారణంగా ఆటోగ్రాఫ్‌తో ఇంటికి పోతాడు. ఈ పత్రికలవాళ్లు ఇంకాసేపు నిలబడి, ఆ గిటారు వాయించిందెవరని అడిగారు. బెగల్ మరో అడుగు వేసి, డబ్బు అందిందా అని అడిగాడు. ఉద్యోగంలో ఉన్నంతకాలం నేను మొదటి ప్రశ్నకే జవాబు వెతుక్కున్నాను. రెండోది అడగాలని ఈ పాత సంచికలు చదివాకే తట్టింది.