సూర్యుని గాలి, కనబడని డాలు

19వ కీర్తనలో దావీదు సూర్యుని పెండ్లికుమారునితో పోల్చాడు. ఆ సూర్యుని నుండి కంటికి కనబడని గాలి ఒకటి ఎల్లప్పుడు వీస్తూనే ఉన్నది. అది విద్యుత్ కణముల గాలి. దాని వేగము సెకనుకు సుమారు 400 కిలోమీటర్లు.

ఒక్కొక్కసారి సూర్యునిపై విస్ఫోటనము జరిగి వందల కోట్ల టన్నుల కణములు మేఘమువలె బయలుదేరుతాయి. ఏటిలో పడవవలె ఆ మేఘము ఈ గాలిలోనే ప్రయాణించాలి. గాలికన్న వేగముగా వస్తే గాలి దానిని నెమ్మదింపజేస్తుంది. నెమ్మదిగా వస్తే తనతో లాగికొనిపోతుంది. సాధారణముగా భూమిని చేరడానికి ఒకటి నుండి మూడు దినములు పడుతుంది.

1989 మార్చి 10న బయలుదేరిన అట్టి మేఘము 13న భూమిని తాకింది. కెనడాలోని క్విబెక్‌లో కరెంటు లైన్లలోనికి అదనపు విద్యుత్తు ప్రవహించి, రెండు నిమిషములలోపే సరఫరా కూలిపోయింది. సుమారు 60 లక్షలమంది తొమ్మిది గంటలు చీకటిలో ఉన్నారు. అయినను ఆ కణములు నేలమీది మనుష్యులను తాకలేదు. భూమి అయస్కాంత శక్తియు, వాతావరణమును అడ్డు నిలిచాయి.

2023 సెప్టెంబరు 2న మన శ్రీహరికోట నుండి వెళ్ళిన ఆదిత్య-ఎల్1, భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరమున కావలివానివలె నిలిచి ఈ గాలిని కొలుస్తున్నది. కావలివాడు హెచ్చరించగలడు, డాలు పట్టినవాడు దేవుడే. పొలములో ఎండకు నిలిచినప్పుడు ఆయనను స్తుతించుదము.