మొదలుకాని కంప్యూటర్: లోపం ఎక్కడుందో కనిపెట్టే క్రమం

అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషను వైపు వెళ్లే ఆటోల్లో, పాత తువ్వాలులో చుట్టిన కంప్యూటర్ పెట్టెను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నవారు మీకు ఎప్పుడో ఒకప్పుడు కనిపించే ఉంటారు. రిపేరు దుకాణంలో దిగాక వారు చెప్పేది ఒకే మాట: "ఆన్ కావడం లేదు." వైద్యుని దగ్గరకు వెళ్లి "ఒంట్లో బాగాలేదు" అన్నట్టే ఉంటుందీ మాట. అబద్ధం కాదు, కానీ దాని వల్ల ఏమీ తెలియదు. స్విచ్ నొక్కితే అసలు చలనమే లేకపోవడం, ఫ్యాను తిరిగినా తెర నల్లగా ఉండిపోవడం, కంపెనీ బొమ్మ కనిపించి అక్కడే ఆగిపోవడం, విండోస్ సగం దాకా వచ్చి నీలి తెర పడటం, ఇవి నాలుగు వేర్వేరు జబ్బులు. మందులూ వేర్వేరే.

మరొక చిన్న మాట. ఆ పెట్టె మొత్తాన్ని మనం వాడుకలో "సి.పి.యు." అంటున్నాం. నిజానికి సి.పి.యు. అంటే లోపల మదర్‌బోర్డు మీద, ఫ్యాను కింద కూర్చున్న ఒక చిన్న చిప్. దుకాణంలో "సి.పి.యు. పోయింది" అని చెబితే పెట్టె గురించి అంటున్నారో, చిప్ గురించి అంటున్నారో అడగండి. రెండింటి ధరకూ చాలా తేడా ఉంది.

స్విచ్ నొక్కినప్పుడు ఏం జరుగుతుంది?

ఇది అర్థమైతే సగం పని అయినట్టే. 1995లో ఇంటెల్ సంస్థ ఏ.టి.ఎక్స్. అనే పద్ధతిని ప్రవేశపెట్టడానికి ముందు, ముందువైపు స్విచ్ గోడ మీది స్విచ్ లాగే నేరుగా కరెంటును కలిపేది. ఇప్పుడు అలా కాదు. గోడ స్విచ్ వేయగానే పెట్టెలోని ఎస్.ఎం.పి.ఎస్. మెలకువగా ఉండి, 5 వోల్టుల చిన్న సరఫరాను మదర్‌బోర్డుకు అందిస్తూ ఉంటుంది. మీరు ముందు బటన్ నొక్కితే రెండు సన్నని పిన్నులు క్షణకాలం కలుస్తాయి. ఆ సైగ అందుకున్న బోర్డు ఆకుపచ్చ తీగ ద్వారా ఎస్.ఎం.పి.ఎస్.ను పూర్తిగా లేవమంటుంది. అప్పుడు 3.3, 5, 12 వోల్టుల సరఫరాలు వస్తాయి. అవి నిలకడగా ఉన్నాయని ఎస్.ఎం.పి.ఎస్. మరొక తీగ మీద కబురు పంపిన తరువాతే ప్రాసెసర్ పని మొదలుపెడుతుంది. అది మొదట చదివేది హార్డ్ డిస్క్‌ను కాదు, బోర్డు మీద ఉండే బయోస్ చిప్‌ను. బయోస్ ర్యామ్‌నీ, డిస్ప్లేనీ, కీబోర్డునీ తనిఖీ చేస్తుంది. ఈ స్వీయ పరీక్ష 1981 నాటి ఐ.బి.ఎం. పి.సి.లో కూడా ఉంది. అది ముగిశాకే డిస్క్ వంతు, ఆ తరువాత విండోస్ వంతు.

ఈ వరుసను గుర్తుంచుకుంటే ఒక విషయం తేలిపోతుంది. తెర మీద కంపెనీ బొమ్మ కూడా రాని కంప్యూటర్‌కు విండోస్ మళ్లీ వేయడం వల్ల ప్రయోజనం ఉండదు. విండోస్ దాకా కథ రాలేదు గదా!

అసలు చలనమే లేకపోతే ముందు పెట్టె బయటే చూడండి. ఆ ప్లగ్‌లో టేబుల్ లైటు పెడితే వెలుగుతోందా? ఎక్స్‌టెన్షన్ బోర్డు గానీ యు.పి.ఎస్. గానీ మధ్యలో ఉంటే వాటిని తప్పించి, తీగను నేరుగా గోడకు పెట్టండి. మన ఇళ్లలో పాతబడిన యు.పి.ఎస్. బ్యాటరీలే చాలాసార్లు దోషులు. పెట్టె వెనుక ఎస్.ఎం.పి.ఎస్. పక్కన చిన్న స్విచ్ ఉంటుంది. ఇల్లు తుడిచేటప్పుడు చెయ్యి తగిలి అది ఆఫ్ కావడం నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఇవన్నీ సరిగా ఉండి కూడా ఉలుకూ పలుకూ లేకపోతే అనుమానం ఎస్.ఎం.పి.ఎస్. మీదికి, ముందు బటన్ మీదికి వెళుతుంది. ఒక హెచ్చరిక: ఎస్.ఎం.పి.ఎస్. డబ్బాను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ విప్పకండి. 230 వోల్టుల సరఫరా లోపల సుమారు 325 వోల్టులుగా కెపాసిటర్లలో నిలవ ఉంటుంది. ప్లగ్ పీకిన తరువాత కూడా అది కొంతసేపు ఉంటుంది.

ఫ్యాను తిరిగి తెర నల్లగా ఉంటే కంగారు పడకుండా క్యాప్స్ లాక్ నొక్కి చూడండి. దాని దీపం వెలిగి ఆరుతుంటే బోర్డు బతికే ఉంది. లోపం మానిటర్‌లోనో దాని తీగలోనో ఉండవచ్చు. విడిగా డిస్ప్లే కార్డు ఉన్న పెట్టెలో మానిటర్ తీగను పొరపాటున బోర్డు సాకెట్‌కు పెట్టడం మామూలే. దీపం స్పందించకపోతే బయోస్ కూతలు వినండి. అవార్డ్ బయోస్‌లో ఒక పొడుగు, రెండు పొట్టి కూతలు డిస్ప్లే లోపాన్ని చెబుతాయి. అమి బయోస్‌లో మూడు కూతలు ర్యామ్‌ను చూపిస్తాయి. కూతల భాష కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి మీ బోర్డు పుస్తకం చూడాలి. కొత్త బోర్డుల్లో కూతకు బదులు చిన్న దీపాలు ఉంటాయి. ఏ భాగం దగ్గర పరీక్ష ఆగిందో ఆ దీపం వెలుగుతుంది.

ఒక ఉదాహరణ

నేను పదవీ విరమణ చేశాక ఒక వర్షాకాలంలో, కౌన్సెలింగ్ తరగతులకు వచ్చే ఒక అమ్మాయి తన కంప్యూటర్‌ను బస్సులో మోసుకొచ్చింది. ప్రాజెక్టు నివేదిక ఇవ్వడానికి నాలుగు రోజులే గడువు. ఏడాది పాటు ఇల్లిల్లూ తిరిగి సేకరించిన వివరాలన్నీ అందులోనే ఉన్నాయి, మరో కాపీ లేదు. ఫ్యాను తిరుగుతోంది, తెర రావడం లేదు. అప్పటికే ఒక దుకాణంలో చూపించిందట. "బోర్డు పోయింది, కొత్తది వేసి ఫార్మాట్ కొట్టాలి" అన్నారట. ఆ అమ్మాయి ఏడవలేదు గానీ మాట పెగల్లేదు.

ప్లగ్ తీసి, పెట్టె ఇనుప భాగాన్ని తాకి ఒంట్లోని స్థిర విద్యుత్తును పోగొట్టుకుని, మూత తెరిచాం. దుమ్ము వేలు లోతున ఉంది. ర్యామ్ పట్టీ తీస్తే దాని బంగారు రంగు అంచు నల్లబడి కనిపించింది. పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్ది, పొట్టు దులిపి, రెండు వైపులా క్లిప్పులు టక్కుమనేదాకా నొక్కి పెట్టాం. స్విచ్ వేస్తే తెర వచ్చింది. పోయిందన్న బోర్డు బాగానే ఉంది.

అయితే కథ అక్కడితో అయిపోలేదు. విండోస్ మొదలవుతూనే నీలి తెర పడి, మళ్లీ మొదటికి వచ్చింది. "ఇప్పుడు ఫార్మాట్ తప్పదేమో సార్" అంది. నేను తెర మీద తేదీ చూపించాను. అది ఎన్నో ఏళ్లు వెనక్కి పోయి ఉంది. బోర్డు మీద రూపాయి బిళ్లంత 3 వోల్టుల బ్యాటరీ ఒకటి ఉంటుంది, దాని పేరు సి.ఆర్.2032. కరెంటు లేనప్పుడు గడియారాన్నీ, బయోస్ అమరికలనూ అదే కాపాడుతుంది. ఆమె ఇంట్లో ప్లగ్ ఎప్పుడూ గోడకే ఉండేది కాబట్టి, ఆ బ్యాటరీ ఎప్పుడో అయిపోయినా ఎవరికీ తెలియలేదు. దుకాణానికి తేవడానికి ప్లగ్ పీకగానే అమరికలు చెరిగిపోయాయి. డిస్క్‌తో మాట్లాడే పద్ధతి ఎ.హెచ్.సి.ఐ. నుంచి పాత ఐ.డి.ఇ. పద్ధతికి మారింది. ఆ మార్పుకు సిద్ధంగా లేని విండోస్ తన డిస్క్‌నే గుర్తించలేక కూలిపోయింది. చేతి గడియారాలు బాగుచేసే అతని దగ్గర బ్యాటరీ తెచ్చి వేసి, బయోస్‌లో ఆ ఒక్క అమరికను తిరిగి మార్చాం. విండోస్ వచ్చింది, నివేదిక ఉంది. మొట్టమొదట చేసిన పని దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయడం.

ఆ దుకాణదారుడు మోసగాడని నేను అనుకోను. రోజుకు పాతిక పెట్టెలు చూసేవారికి ఫార్మాట్ కొట్టడం దగ్గరి దారి. కానీ ఆ దారిలో పోయే వివరాలు వారివి కావు, మీవి. ఫార్మాట్ చేసిన డిస్క్ మీద కొత్తగా విండోస్ వేస్తే, పాత ఫైళ్లున్న చోట్ల కొత్త రాత పడుతుంది. ఆ భాగాలను ఇక ఎవరూ తిరిగి తేలేరు. అందుకే విండోస్ నిజంగా చెడిపోయిందని తేలినా, ముందు ఉబుంటు వంటి వ్యవస్థను పెన్‌డ్రైవ్ నుంచి నడిపి ఫైళ్లను బయటకు తీయండి. డిస్క్‌ను విప్పి, యు.ఎస్.బి. అడాప్టర్‌తో మరో కంప్యూటర్‌కు తగిలించి కూడా తీయవచ్చు. డిస్క్ నుంచి టిక్కు టిక్కుమని చప్పుడు వస్తుంటే మాత్రం మళ్లీ మళ్లీ ఆన్ చేయకండి. ప్రతిసారీ నష్టం పెరుగుతుంది.

మన ఎండలూ, దుమ్మూ తెచ్చే జబ్బు మరొకటి ఉంది. కంప్యూటర్ మామూలుగానే మొదలై కొద్ది నిమిషాల్లో తనంతట తాను ఆగిపోతుంది. ఇది ఎక్కువగా ప్రాసెసర్ వేడెక్కడం వల్ల జరిగేది. హీట్‌సింక్ రెక్కల మధ్య దుమ్మును మెత్తని బ్రష్‌తో తీయండి. పాత బోర్డుల మీద కెపాసిటర్ల తలలు పూరీల్లా ఉబ్బి ఉంటే అది శుభ్రం చేస్తే పోయేది కాదు. 2000 తరువాతి కొన్నేళ్లలో నాసిరకం కెపాసిటర్ల వల్ల ప్రపంచమంతటా ఎన్నో బోర్డులు ఇలాగే చెడిపోయాయి.

పెట్టెను దుకాణానికి ఇవ్వక తప్పకపోతే, లోపం డిస్క్‌ది కాదని మీకు తెలిసినప్పుడు డిస్క్ విప్పి ఇంట్లోనే ఉంచుకోండి. ఆధార్ నకళ్లు, బ్యాంకు కాగితాలు అందులోనే ఉంటాయి గదా. బోర్డు తెర మీదికి వస్తోందో లేదో పరీక్షించడానికి డిస్క్ అవసరం లేదు. మార్చిన పాత భాగాన్ని అడిగి తీసుకోండి, రసీదు మీద ఏ భాగం మార్చారో రాయించుకోండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

ఒక కంప్యూటర్‌లో ఫ్యాన్లు తిరుగుతున్నాయి, తెర నల్లగా ఉంది. క్యాప్స్ లాక్ నొక్కితే దీపం వెలిగి ఆరుతోంది. ర్యామ్ బయటకు తీయడానికి ముందు మీరు చూడవలసిన రెండు విషయాలు ఏవి? అవే ఎందుకు ముందు చూడాలో పది వాక్యాలలో రాయండి.