వెబ్‌సైటు తెరుచుకోకపోతే?

చిత్తూరు వైపు మామిడి తోటలో బోరు మోటారు వేశారు, నీళ్ళు రాలేదు. రైతు వెంటనే మోటారును పైకి తీయించడు. కరెంటు ఉందా, స్టార్టరు పట్టిందా, పైపు పగిలిందా అని వరసగా చూస్తాడు. సొంత కంప్యూటరుతో నడిపే వెబ్‌సైటుకూ ఇదే పద్ధతి.

వెబ్‌సైటు పేజీలను దాచి, అడిగినవారికి పంపే కంప్యూటరే 'సర్వర్'. మొట్టమొదటి వెబ్ సర్వర్‌ను 1990లో జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనశాలలో టిమ్ బెర్నర్స్-లీ నడిపాడు. దాన్ని ఎవరూ ఆపకూడదని ఎర్ర సిరాతో చీటీ రాసి అంటించాడు. అప్పటికి ప్రపంచంలో ఉన్న వెబ్ సర్వర్ అదొక్కటే మరి!

మనం వెబ్‌సైటు పేరు టైపు చేయగానే 'డి.ఎన్.ఎస్.' అనే వ్యవస్థ దానికి చెందిన అంకెల చిరునామాను చెబుతుంది. చిరునామా దొరకలేదా? పేరు నమోదుకు గడువు తీరిందేమో చూడాలి. దొరికినా జవాబు లేదా? సర్వర్‌కు కరెంటు, ఇంటర్నెట్ ఉన్నాయో లేదో చూడాలి. ఇంటి కనెక్షన్లకు ఈ చిరునామా అప్పుడప్పుడు మారుతుంటుంది కూడా. అప్పుడు డి.ఎన్.ఎస్.లో కొత్తది రాయాలి.

'404' కనిపిస్తే సర్వర్ పనిచేస్తూనే ఉంది, అడిగిన పేజీ మాత్రం అక్కడ లేదన్నమాట. '500' కనిపిస్తే సర్వర్ లోపలే ఏదో తప్పు జరిగింది. డిస్కు నిండినా ఇలా కావచ్చు. సర్వర్ తన పనులను 'లాగ్' అనే చిట్టాలో రాసుకుంటుంది. కారణాన్ని అందులో వెతకాలి.

ఒకసారికి ఒక్క మార్పే చేయండి. నాలుగూ కలిపి మారిస్తే దేనివల్ల బాగయిందో తెలియదు. మార్చే ముందు పేజీల నకలు వేరేచోట దాచండి. పోయిన కరెంటు మళ్ళీ వస్తుంది, నకలు లేని పేజీ చెరిగిపోతే తిరిగి రాదు.