ఆకుపై నిలవని మందు బిందువు

వరి, క్యాబేజీ ఆకులపై పిచికారీ చేసిన బిందువులు కొన్ని తాకిన వెంటనే ఎగిరి నేలపాలవుతాయి. ఆకుపైనున్న మైనపు పొర నీటిని అంటనివ్వదు. బిందువు పళ్లెంలా పరచుకొని, తలతన్యత వలన కుదించుకొని, ఆ ఊపుతోనే పైకి లేస్తుంది. ఇదంతా కొన్ని మిల్లీసెకన్లలో ముగుస్తుంది. జిగురు మందు కలిపితే చాలునని మనం సాధారణంగా సిఫారసు చేస్తాము. కాని దాని అణువులు అప్పుడే విస్తరించిన ఉపరితలాన్ని చేరుటకు ఆ వ్యవధి తరచుగా చాలదు.

పాలిమర్లు, జిగుళ్ల వంటి మృదుపదార్థాల నడవడి ఇక్కడ అక్కరకు వచ్చింది. అమెరికాలోని ఎం.ఐ.టి.లో కృప వారణాసి బృందం 2016లో ధనావేశ, ఋణావేశ పాలిమర్ ద్రావణాలను వేర్వేరుగా, ఒకేసారి పిచికారీ చేసే పద్ధతిని ప్రకటించింది. ఆకుపై రెండు రకాల బిందువులు కలిసినచోట అవక్షేపం ఏర్పడి, నీరు జారకుండా పట్టి ఉంచుతుంది. యంత్రశాస్త్ర విభాగం నుండి సస్యరక్షణకు ఇటువంటి ఉపాయం రావడం విశేషమే.

ఇటువంటి పాలిమర్లు ప్రకృతిలోనూ ఉన్నాయి: రొయ్య పెంకుల నుండి తీసే కైటోసాన్ ధనావేశం గలది, సముద్రపు నాచులోని ఆల్జినేట్ ఋణావేశం గలది. పెంకులకు మన కోస్తాలో కొరత లేదు. చిక్కంతా పరికరంలోనే ఉన్నది. ఒకే ట్యాంకులో రెండింటినీ కలిపితే అవక్షేపం అక్కడే ఏర్పడి నాజిల్ మూసుకుపోగలదు. కావున రైతు భుజాన ఉన్న చేతిపంపుకు రెండు అరలు, రెండు నాజిళ్లు అమర్చవలసి ఉంటుంది.