మీటరును పలకరించే తొమ్మిది బైట్లు

బసవకళ్యాణ్‌కు కరెంటు పంపిణీ చేసేది జెస్కాం. ఆ ఊళ్లోనైనా, దేశంలో మరెక్కడైనా, ఐఎస్ 15959 ప్రమాణం ప్రకారం తయారైన మీటరుకు రీడింగ్ యంత్రపు కేబుల్ తగిలించినప్పుడు, యూనిట్ల లెక్క బయటికి రాకముందే ఇద్దరి మధ్య ఒక పలకరింపు నడుస్తుంది. బిల్లు మొత్తం మీద జరిగినంత చర్చ ఆ అంకె వచ్చిన దారి మీద ఎన్నడూ జరగలేదు, జరగవలసి ఉంది.

మీటరు చిరునామాకు ఒకే బైటు వాడినప్పుడు, పదహారు గుర్తుల లెక్కలో ఆ తొలి ఫ్రేమ్, అంటే మొదలూ తుదీ గుర్తుపట్టగల సమాచారపు కట్ట, ఇలా ఉంటుంది: 7ఈ ఏ0 07 03 21 93 0ఎఫ్ 01 7ఈ. ఇరువైపులా ఉన్న 7ఈ హద్దురాయి. ఏ0 07 ఆ హద్దుల మధ్య ఏడు బైట్లున్నాయని తెలుపుతుంది. 03 మీటరు చిరునామా, 21 అడుగుతున్నవారిది, 93 సంభాషణ మొదలుపెట్టమనే ఆదేశం. 0ఎఫ్ 01 అన్నది ముందున్న అయిదు బైట్ల నుంచి గణించిన తనిఖీ సంఖ్య. మీటరు అదే గణన తానూ చేసి, ఒక్క బిట్ తారుమారైనా బదులివ్వకుండా ఫ్రేమును వదిలేస్తుంది. పన్నెండో శతాబ్దంలో ఇదే కళ్యాణంలో బసవన్న తన వచనాలను ముగించిన ‘కూడలసంగమదేవ’ అన్న అంకితం, వచనం పూర్తయిందనీ పలికినదెవరనీ ఒక్క మాటతో తెలిపేది. ఫ్రేములో ఆ రెండు పనులూ హద్దుకు ఒకటి, చిరునామాకు ఒకటిగా పంచుకోబడ్డాయి.

అసలు చిక్కు లోపలి సమాచారంలోనే 7ఈ రావడం. దశాంశంలో అది 126. రీడింగులోని ఏ బైటు విలువైనా 126 కావచ్చు, అప్పుడు ఫ్రేమ్ నడిమధ్యనే ముగిసినట్టు కనిపిస్తుంది. ఆ పొరపాటును ఆపేది పొడవు చెప్పే ఆ రెండు బైట్లే: స్వీకర్త అన్ని బైట్లూ లెక్కపెట్టుకున్నాకే, సరిగ్గా ఆ చోట 7ఈ ఉందో లేదో చూస్తుంది. ఈ ఏర్పాటు మొత్తంలో ఇంతకంటే ముచ్చటైన భాగం లేదు.

బైటును పట్టుకోవడం ఇంకా కింది అంతస్తు పని. తీగ ఖాళీగా ఉన్నంతసేపూ 1 స్థితిలో ఉండి, 0కు దిగగానే అది ఆరంభ బిట్ అవుతుంది. స్వీకర్త అర బిట్ ఆగి, అక్కడి నుంచి ఒక్కో బిట్ నడుమ ఒక్కసారి చూస్తూ ఎనిమిది బిట్లు చదివి, ముగింపు బిట్ దగ్గర ఆగుతుంది. సెకనుకు 9600 బిట్ల వేగంలో బిట్‌కు సుమారు 104 మైక్రోసెకన్లు, పలకరింపు మొత్తానికి 9.4 మిల్లీసెకన్లు పడుతుంది. ప్రతి ఆరంభ బిట్ దగ్గరా లెక్క కొత్తగా మొదలవుతుంది గనుక, రెండు గడియారాల మధ్య రెండు మూడు శాతం తేడా ఉన్నా పని జరిగిపోతుంది.

చరిత్ర టూకీగా: ఆరంభ, ముగింపు బిట్లు టెలిప్రింటర్ల నాటివి, ఫ్రేమ్ రూపం 1970లలో ఐబీఎం తెచ్చిన ఎస్‌డీఎల్‌సీ నుంచి అంతర్జాతీయ ప్రమాణమైన హెచ్‌డీఎల్‌సీగా ఎదిగింది, భారతీయ మీటర్ల కోసం ఐఎస్ 15959 వచ్చింది 2011లో.

బిట్ స్టఫింగ్

రెండు వైపులా ఒకే గడియారపు తాళంతో నడిచే లింకుల్లో హెచ్‌డీఎల్‌సీ మరో ఉపాయం వాడుతుంది. 7ఈ అంటే 01111110, ఆరు 1లు వరుసగా. సమాచారంలో అయిదు 1లు వరుసగా వచ్చిన ప్రతిసారీ పంపేవారు ఒక 0 చొప్పిస్తారు, అందుకునేవారు దాన్ని తీసేస్తారు. కాబట్టి హద్దు గుర్తు లోపల ఎక్కడా పుట్టదు. బైట్ల లెక్కన నడిచే మీటరు పోర్టులో దీన్ని వాడరు.