మీకు తెలుసా? పాత చిత్రిక వీపున పుట్టిన కాలం

చెక్కను నునుపు చేసే పోత ఇనుప చిత్రికకు నేటి రూపమిచ్చినవాడు అమెరికాకు చెందిన లియొనార్డ్ బెయిలీ కాగా, ఆయన పేటెంట్లను కనెక్టికట్ రాష్ట్రంలోని స్టాన్లీ సంస్థ 1869లో కొనుగోలు చేసింది. 1910 తరువాత కొన్నేళ్లపాటు ఆ సంస్థలో తయారైన చాలా చిత్రికలపై, బ్లేడును 45 డిగ్రీల వాలులో నిలిపే దిమ్మ వెనుక, మూడు పేటెంట్ తేదీలు పోతలోనే ఉంటాయి గనుక, తుప్పు తుడవగానే వాటి కాలం బయటపడుతుంది.

తుప్పు పట్టిన భాగాలను వెనిగర్‌లో నానబెట్టి, బ్రష్‌తో రుద్ది, ఆమ్లం మిగలకుండా కడిగాక వెంటనే ఆరబెట్టి నూనె పూయకపోతే, గంటల్లోనే కొత్త తుప్పు చేరుతుంది. వంకర తిరిగిన అడుగును గాజుపలకపై పరచిన ఉప్పుకాగితం మీద రుద్ది చదును చేసేటప్పుడు, బ్లేడును లోపలికి జరపాలే తప్ప బిగింపును సడలించరాదు. ఎందుకంటే ఆ బిగింపు ఒత్తిడి ఉన్నప్పటి వంపునే సరిచేయవలసి ఉంటుంది. రోజ్‌వుడ్ పిడిని గీకకపోవడమే మేలు, ఎందుకంటే అరచేతుల రాపిడితో వచ్చిన ఆ నునుపు మళ్లీ రాదు.

అసలు మెలకువంతా మూతరేకులో, అంటే బ్లేడుపై బిగించి, లేచిన పొట్టును వంచి విరిచే ఇనుపరేకులో ఉంది. అది బ్లేడు వీపుకు వెంట్రుకవాసి సందు లేకుండా ఆనకపోతే, ఎంత పదును పెట్టినా పొట్టు ఆ సందులో దూరి చిత్రిక నోరు పూడుకుపోతుంది.